అవతలి మిద్దె

"మామా, ఈడ ఉండేది నువ్వొక్కడివే. నెలకు ఇరవై నాలుగు సబ్బులు ఏం చేస్తాండావు?"

ప్రకాశం నవ్వుతూనే అడిగాడు. చిన్నసుబ్బయ్య నవ్వలేదు. నీళ్లలో నాని పగిలిన చేతులను పంచె మడతల్లో దాచుకున్నాడు.

"లుంగీలు ఉతకొద్దా సారూ?"

ప్రకాశం ప్రొద్దుటూరులో ఉండి అన్న వ్యవహారాలు చూసే మనిషి. అన్న అంటే ఈ ఇంటి యజమాని, ఒకప్పటి నాయకుడు. ఇప్పుడు హైదరాబాదులో కాంట్రాక్టులు చేసుకుంటున్నాడు. ఇల్లు ఊరికి ఎడంగా, వంక అనే చిన్న వాగు గట్టున ఉంది. వంకకు అవతలి గట్టున పగవాళ్ల ఇల్లు, అదీ ఊరికి ఎడంగానే.

ఫ్యాక్షన్ రోజుల్లో ఈ ఇంట్లో ముప్పై మంది మనుషులు ఉండేవారు. పొద్దున్నే స్నానాలు చేసి మిద్దె మీద లుంగీలు ఆరేస్తే అవతలివాళ్లు లెక్కపెట్టుకునేవారు. అవతల ఆరేసినవి వీళ్లు లెక్కపెట్టేవారు. ఎన్ని లుంగీలో అంతమంది మనుషులు. ఎవరు ఎవరి మీదికి పోవాలన్నా ముందు ఆ లెక్కే చూసుకునేవారు.

తర్వాత రాజీ అయింది. పార్టీ పెద్దలు నాయకులిద్దరి చేతులూ కలిపి ఫొటో తీయించారు. ఇద్దరికీ ఒకే కండువా కప్పారు. కండువా కప్పినంత మాత్రాన నమ్మకం పుడుతుందా? ఖర్చు మాత్రం ఎవరికీ ఇష్టం లేదు. అందుకని మనుషులను తగ్గించారు గానీ లుంగీలను తగ్గించలేదు.

మొదట పదిమందిని పంపారు. జీపు అమ్మారు. వంట చేసే మహాలక్ష్మమ్మను మానిపించారు. ఇరవై మంది ఎనిమిదయ్యారు, ఎనిమిది మంది ముగ్గురయ్యారు. రెండేళ్లుగా చిన్నసుబ్బయ్య ఒక్కడే. సైన్యమూ అతనే, సేనాపతీ అతనే, బట్టలుతికేదీ అతనే.

రోజూ ముప్పై లుంగీలు తడిపి ఆరేస్తాడు. వాటిలో ఏడు చచ్చిపోయినవాళ్లవి. వాళ్లలో తనకు దగ్గరివాడైన ఏలీయా కట్టుకున్న పచ్చగళ్ల లుంగీని పిండేటప్పుడు మాత్రం ముఖం పక్కకు తిప్పుకుంటాడు.

"అన్న ఈసారి గట్టిగా చెప్పినాడు మామా" అన్నాడు ప్రకాశం. "అవతల మనుషులు లేరంటే ఈడ కూడా తాళమేసి రమ్మన్నాడు."

"తాళమేస్తే నేను యాడికి పోవాల?"

"ఊర్లోకి పో. హాయిగా ఉండు."

చిన్నసుబ్బయ్య తల వంచుకున్నాడు. ఊళ్లో అతని ఇల్లు ఎప్పుడో కూలిపోయింది. భార్య యల్లమ్మ వీరపునాయునిపల్లెలో కూతురి దగ్గర ఉంటోంది. అతని పేరెత్తితే లేచి లోపలికి పోతుందట. ఊరి వీధుల్లో అతని కొడవలికి మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు నాలుగున్నాయి. అరవై నాలుగేళ్ల వయసులో ఆ గుమ్మాల ముందునుంచి ఒంటరిగా నడవాలంటే అతనికి భయం. ఆ భయం ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు.

ఇద్దరూ మిద్దె ఎక్కారు. ప్రకాశం బైనాక్యులర్ పెట్టి అవతలి మిద్దె మీది లుంగీలను లెక్కపెట్టాడు.

"ముప్పై రెండు. ఆ చివర ఎర్రంచు తువ్వాలు ఎవురిది?"

"ఆదెన్నది."

ఆ పేరు పలికి ముసలాడు పక్కనున్న లుంగీ మడత సరిచేశాడు. ప్రకాశానికి సంగతి తెలుసు. జమ్మలమడుగు బస్టాండులో చిన్నసుబ్బయ్య తమ్ముణ్ని నరికింది ఆదెన్న. పులివెందుల దారిలో ఆదెన్న కొడుకును నరికింది చిన్నసుబ్బయ్య. అప్పటినుంచి ఇరవై ఏళ్లు వంకకు అటొకరు, ఇటొకరు.

"లుంగీలే గానీ మనుషులు అగపడరేంది మామా? ఆ పక్క నాయకుడు బెంగుళూరు చేరి మూడేండ్లాయె. మన మాదిరే వాళ్లూ ఉత్త లుంగీలు ఆరేస్తాండారేమో."

"ఆదెన్న ఆడనే ఉండాడు సారూ."

"నువ్వు చూసినావా?"

"దినామూ అగపడతాడు. కండ్లు మూసుకున్యా అగపడతాడు." అవతలి గట్టు వైపు తిరిగి అన్నాడు. "తాగను నీళ్లడిగిన మాదిరి ఉంటాది."

ప్రకాశం పోయి చూసొద్దామని నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు. ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు వంక దాటకూడదన్నది రాజీలో మొదటి షరతు. షరతు లేకపోయినా అతను దాటేవాడు కాదు.

ఫోన్ తీసి హైదరాబాదుకు మాట్లాడాడు. "ముప్పై రెండున్నాయన్నా. ఆదెన్న ఉండాడంట." అవతలి మాటలు విని, సరే సరే అని పెట్టేశాడు.

"ఇంకో ఏడాది ఉండమన్నాడు మామా. అయితే ఖర్చు ఇంకా తగ్గించాలన్నాడు. సబ్బులు పన్నెండు చాలంట."

చిన్నసుబ్బయ్య గబుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు. "సబ్బులు తగ్గించొద్దు సారూ. కావాలంటే బియ్యం తగ్గించుకో. ఒక పూట తింటా."

ఈ ముసలాడికి మతి చలించిందేమోనని ప్రకాశానికి అనుమానం వచ్చింది. అయినా జాలిపడి సరేనన్నాడు. పొద్దు వాలకముందే మోటారుసైకిలెక్కి ప్రొద్దుటూరు దారి పట్టాడు.

మర్నాడు రోజూలాగే తెల్లవారకముందే చిన్నసుబ్బయ్య సబ్బుల సంచి భుజాన వేసుకుని వంక దాటి, ఎనిమిది నెలల కిందట అవతల ఒంటరిగా జ్వరంతో పోతే తన చేతులతోనే పూడ్చిపెట్టిన ఆదెన్న సమాధి పక్కనుంచి అవతలి మిద్దె ఎక్కి, ముప్పై రెండు లుంగీలూ తడిపి ఆరేసి, చివరన ఎర్రంచు తువ్వాలు పరిచాడు.