కొమ్ముల్లేని బూచోడు

“కోరలు ఇంకొంచెం పైకి లేపండి. నవ్వినప్పుడు ముక్కుకు తగలాలి,” అంది ఫోన్లో యానిమేటర్.

అతను కోరలు పైకి జరిపాడు. తెర మీద అతని ముఖమే ఆకుపచ్చగా మెరుస్తూ, కొమ్ములు ఊపుతూ, ముక్కులోంచి పొగ వదులుతూ పళ్ళు నూరింది. నిన్న కిటికీ దగ్గర నిలబడి తీసుకున్న ఫోటో అది. తనను తాను ఫోటో తీసుకుని చాలా రోజులయిందేమో, మొదటిసారి బటన్‌ని కళ్ళు మూసుకునే నొక్కి, మళ్ళీ తీసుకోవాల్సి వచ్చింది.

ఫోటోలకు మెరుగులు దిద్దడం అతని వృత్తి. పెళ్ళికూతుళ్ళ మొటిమలు, ఆఫీసర్ల బట్టతలలు, ముసలివాళ్ళ ముడతలు అతని చేతుల మీదుగానే మాయమయ్యేవి. ఊరందరినీ అందగాళ్ళను చేసిన చేత్తో తనను తాను బూచోణ్ణి చేసుకోవడం మాత్రం ఇదే మొదలు. బొమ్మను కదిలించడం చేతకాక, పని మీద ఫోన్లో తప్ప ఎన్నడూ కలవని ఈ యానిమేటర్‌ని బతిమాలుకున్నాడు.

“కొమ్ములూ పొగా మామూలే. ఆ ఎడమ చెంప మాత్రం భలే కుదిరిందండీ, మైనం కరిగినట్టు. ఆ సగం మూసుకున్న కన్నయితే మరీనూ. ఎలా చేశారు?”

“అది పాత పని లెండి. చాలా రోజులు పట్టింది.”

“నాకూ నేర్పాలి.”

“మీకెందుకులెండి, పెద్ద తలనొప్పి,” అని మాట తప్పించాడు.

ఈ తిప్పలన్నీ కూతురి కోసం. కోపం ముక్కు మీదుండే మనిషి అతను. కొన్ని నెలల కిందట ఒక ఉదయం ఇస్త్రీ చేయని చొక్కా గురించి భార్యతో గొడవపడి, బండి తాళాలు విసురుగా లాక్కుని బయటపడ్డాడు. పాప గుమ్మం దాకా వెంటవచ్చి టాటా చెప్పింది. వెనక్కి తిరిగైనా చూడలేదు. చాలా రోజుల తర్వాత మళ్ళీ తండ్రి కంటబడ్డప్పుడు ఆ పిల్ల కెవ్వున అరిచి వాళ్ళమ్మ వెనక దాక్కుంది. నాన్న బూచాట ఆడుతున్నాడులే అని భార్య ఏదో సర్దిచెప్పింది గానీ, పిల్ల మళ్ళీ దగ్గరికి రాలేదు. అప్పటినుంచీ అతని మకాం అక్కయ్య ఇంట్లోనే.

ఆ ఉదయం తాళాలు ముట్టకుండా కాసేపు కుర్చీలో కూర్చుని ఉంటే ఏం పోయేది? చొక్కాదేముంది, ఇంకోటి తొడుక్కోవచ్చు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా తనను తానే చెడామడా తిట్టుకునేవాడు. భార్య చెప్పిన బూచాటను నిజం చేద్దామన్న ఆలోచన అలా తిట్టుకుంటున్నప్పుడే తట్టింది.

మొదటి వీడియో పంపిన సాయంత్రం భార్య ఫోన్ చేసింది.

“ముందు దిండు కింద దూరిందండీ. తర్వాత తల బయటపెట్టి మళ్ళీ వెయ్యమంది.”

వెనకనుంచి పాప గొంతు వినబడింది. “నాన్నా, బూచోడు నువ్వేనా?”

“నేనేనమ్మా.”

“అంత పొగొస్తే దగ్గు రాదా?”

మర్నాడు పంపిన వీడియోలో పొగ లేదు. డాక్టరు మానెయ్యమన్నాడని చెప్పాడు. ఆ తర్వాత కోరలు పోయాయి. పాప ఆరా తీస్తే, చాక్లెట్లు తిని పుచ్చిపోయాయన్నాడు. ఆకుపచ్చ రంగు పోయిన రోజున, సబ్బు పెట్టి రుద్దితే వదిలిందని చెప్పాడు. పాప పడీపడీ నవ్వింది, తను కూడా ఇక రోజూ స్నానం చేస్తానని ఒప్పుకుంది.

అక్కయ్య గదిలోకి టీ తెచ్చి, గ్లాసులో స్ట్రా వేసి బల్ల మీద పెట్టింది. ఆ గది గోడకి అద్దం ఉండాల్సిన చోట ఒట్టి మేకే ఉంది. మేకు వదులైందని అద్దాన్ని తన గదిలోకి మార్చుకుంది ఆవిడ.

“కష్టపడి పెట్టినవన్నీ ఒక్కొక్కటే పీకేస్తున్నావేంట్రా?” అంది తెర వంక చూస్తూ.

“తియ్యడానికే పెట్టానక్కా.”

 అక్కయ్య అతని తల నిమిరి వెళ్ళిపోయింది.

శనివారం కొమ్ములు కూడా తీసేశాడు. ఇక మిగిలింది ఆ మైనపు చెంప, సగం మూసుకున్న కన్ను. వాటి జోలికి పోలేదు. కళ్ళు ఆర్పి, మెల్లగా నవ్వేలా చేసి పంపాడు. ఫోన్ మోగేదాకా గదిలో పచార్లు చేస్తూనే ఉన్నాడు.

“ఏమంది?” అన్నాడు ఫోన్ తీస్తూనే.

“ఫోన్ దగ్గరికి లాక్కుని చూసిందండీ. తర్వాత ఆ చెంప మీద ముద్దు పెట్టుకుంది,” అంది భార్య. “రేపు వచ్చెయ్యండి.”

“మళ్ళీ భయపడితే?”

“వచ్చెయ్యండి.”

ఆదివారం ఇంటి మెట్లు ఒక్కొక్కటే ఎక్కాడు. పిల్ల ఈసారీ అరిస్తే, మారుమాట లేకుండా ఇవే మెట్లు దిగి వెళ్ళిపోవాలని నిశ్చయించుకున్నాడు. గుమ్మం ముందు చెప్పులతోపాటు మాస్కు కూడా తీసేసి, తలుపు తట్టాడు.

తలుపు తీసింది పాపే. తలెత్తి అతని ముఖంలోకి తేరిపార చూసింది.

“కొమ్ములేవి నాన్నా?”

“రాలిపోయాయమ్మా.”

“పోన్లే,” అని పాప ఎత్తుకోమన్నట్టు రెండు చేతులూ చాచింది.

ఆ ఉదయం బండి ప్రమాదంలో కాలిన ముఖమే అది; ఆ చివరి వీడియోలో అతను అందులో ఏమీ మార్చలేదు.