సోమవారం డబ్బా

ప్రతి సోమవారంలాగే ఉదయం తొమ్మిదింటికి ఆ పెద్దాయన మూత బిగించిన డబ్బా తెచ్చి రిసెప్షన్ బల్ల మీద పెట్టాడు.

"బల్ల మీద వద్దని ఎన్నిసార్లు చెప్పాలి బాబాయ్! కింద పెట్టండి," అంది రిసెప్షనిస్టు.

కడుపులో పురుగుల మీద పరిశోధన చేసే ల్యాబు అది. డబ్బాలో ఉండేది మలమని ఆమెకు తెలుసు.

ఆయన డబ్బా కింద పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చుని ఆయాసపడ్డాడు. గోళ్లు పాలిపోయి ఉన్నాయి.

అలాంటి గోళ్లు ఆమె ఇంట్లోనూ ఉన్నాయి. కూతురికి కడుపులో రక్తం పీల్చే కొంకి పురుగులు. మాత్ర వేస్తే పోతాయి. వానలు పడగానే మట్టిలోంచి పాదాల గుండా మళ్లీ లోపలికి చేరతాయి. పిల్ల రెండుసార్లు బళ్లో కళ్లు తిరిగి పడింది. ఆమె పిల్లను ఈ ల్యాబు వాళ్ల టీకా పరీక్షలో చేర్చి, ఈ వానాకాలం కోసం బిక్కుబిక్కుమంటూ ఎదురుచూస్తోంది.

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి పురుగుల మాత్ర తీసింది.

"ఇది మింగితే మీ సొమ్మేం పోతుంది? నా ముందే వేసుకోండి."

"తర్వాత వేసుకుంటాలేమ్మా."

"మీకంటే చంటిపిల్లలు నయం!"

"పాపకెలా ఉంది?"

"మాట మార్చకండి."

ఆయన నవ్వి, మాత్ర జేబులో వేసుకున్నాడు.

వానలు వెలిశాక ఆయన రావడం మానేశాడు. ఎవరో బలవంతాన మాత్ర మింగించి ఉంటారని ఆమె అనుకుంది.

ఆ నెలలోనే ఫలితాలు తేలాయి. టీకా పనిచేసింది. కూతురి కడుపులో పురుగుల్లేవు.

ఆమె ల్యాబు నడిపే పెద్ద మేడమ్ చేతులు పట్టుకుంది. "మీ రుణం తీర్చుకోలేనండీ."

"నాదేముంది? ఆ పురుగు పిల్ల ఓ ఎంజైమ్ వదిలి, చర్మాన్ని కరిగించుకుని లోపలికి దూరుతుంది. టీకా ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. దాన్ని కనిపెట్టడానికి, టీకాను పరీక్షించడానికి మాకు బతికున్న పురుగు పిల్లలు కావాల్సొచ్చాయి."

"సీసాల్లో పెంచారా?"

"సీసాల్లో గుడ్లు పెట్టవు. మనిషి కడుపులోనే పెట్టాలి."

"అమ్మో! ఎవరొప్పుకుంటారండీ?"

"ఒకాయన ఒప్పుకున్నాడు. ఆరేళ్లు మోశాడు. రక్తం తగ్గినప్పుడల్లా ఐరన్ ఇచ్చేవాళ్లం. పని పూర్తయ్యాక మందు వేసి పంపించాం. ఊరు మారిపోయాడు. చిరునామా ఇవ్వలేదు."

"ఆయన కాళ్లకు దణ్ణం పెట్టాలి. ఎవరండీ?"

"పేరు చెప్పొద్దన్నాడు. అయినా నీకు పేరుతో పనేముంది? సోమవారాలు నీ ఎదురుగా కూర్చునే బాబాయే."