ముత్తన్న సంతకం

“నోటీసు మీద సంతకం మీది కాదని చెబితే చాలన్నా. కోర్టు మీ కేసు మూసేయదు,” అంది రోజీ. గల్ఫ్ నగరం మనామాలోని ఆ వకీలు ఆఫీసులో తెలుగు వచ్చింది ఆమెకొక్కదానికే.

మీనా సల్మాన్ రోడ్డు మీద ముత్తన్నను కారు గుద్ది ఐదు నెలలయింది. నష్టపరిహారం సంగతి కోర్టులో కాదు, మధ్యవర్తి ముందు తేల్చుకుందామని ఇన్సూరెన్సు వాళ్లు నోటీసు పంపారు. అది అతనుండే కార్మికుల క్యాంపుకి వచ్చిన రోజు ముత్తన్న చేతికి రెండో ఆపరేషన్. అతని గదిలోనే ఉండే ముఖేష్ అతని సంతకం తానే పెట్టి తీసుకున్నాడు. జవాబుకిచ్చిన గడువు దాటిపోయింది. జవాబు రాలేదంటే ఒప్పుకున్నట్టేనని, ముత్తన్న వేసిన కేసు మూసేయమని వాళ్లు కోర్టును అడిగారు.

“క్యాంపుల ఎవలుంటె వాళ్లే పెడ్తం గదక్కా. గ్యాసు బండకైనా గంతే,” అన్నాడు పక్కనే కూర్చున్న ముఖేష్ తల దించుకుని. “అన్నకిచ్చుడు మరిసిన.”

“కావాల్నని చేసినవారా, తియ్యి,” అన్నాడు ముత్తన్న.

రోజీ ఒక కాగితం ముందుకు జరిపింది. “ఆ సంతకం మీది కాదని ఇందులో రాశాం. కింద సంతకం పెట్టండి.”

ముత్తన్న పెన్ను అందుకున్నాడు. విరిగి అతికిన వేళ్లకు పట్టు దొరకలేదు. అలవాటుగా దాన్ని ముఖేష్ చేతికిచ్చాడు. ముఖేష్ కూడా అలవాటుగానే వంగి, ఒక వంకర ‘ము’ రాసేశాడు.

రోజీ ఆ అక్షరం చూసి, ఫైలు మొదటి పేజీకి తిప్పింది. చేయి కట్టులో ఉన్న రోజుల్లో ముత్తన్న వేసిన కేసు కాగితం అది. కింద అదే వంకర ‘ము’.

“అన్నా,” అంది మెల్లగా, “మరి ఈ సంతకం ఎవరిది?”