ఒక్క బోల్టే కదా!

"పానా! పానా!"

కారు కింద నుంచి లెక్కల మాస్టారు పెట్టిన కేక వంటింట్లో ఉన్న భార్యకు వినిపించలేదు. గేటు అవతల సంచితో నడిచి వెళ్తున్న ఓ పెద్దాయనకు మాత్రం వినిపించింది. అదీ తప్పుగా.

ఆయన గేటు నెట్టుకుని, ఊడిన చెప్పును కూడా చూసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు.

"వచ్చేశా నాయనా! వచ్చేశా! కదలకు!"

కారు కింద నుంచి మాస్టారి తల బయటికొచ్చింది, ముఖం నిండా మసితో.

"ఎవరండీ మీరు?"

"నాన్నా అని పిలిచావుగా?"

"పానా అన్నానండీ! బోల్టు విప్పే పానా! మా నాన్నగారు పోయి పదేళ్లయింది. ఆయనుంటే మాత్రం కారు కిందికి దూరేవారా?"

పెద్దాయన నవ్వలేదు. గోడకు ఆనుకుని ఊపిరి తీసుకున్నాడు.

మాస్టారి భార్య బయటికొచ్చి, సంగతి విని పకపకా నవ్వింది.

"పొద్దుట్నుంచీ ఇదే గోల బాబాయిగారూ. ఇంజనాయిలు తనే మారుస్తారట. రెండు వీడియోలు చూశారు. తీరా చూస్తే, నూనె దింపే ఆ అడుగు బోల్టు ఈయనకంటే మొండిది."

"దానికి బిగువుంటే నాకు లేదా?" అన్నాడు మాస్టారు. "మెకానిక్కుని పిలవనని నీ తమ్ముడితో పందెం కాశాను. సాయంత్రం వాడొచ్చేసరికి కారు స్టార్టవ్వాలి."

పెద్దాయన చూపు బోల్టు మీద లేదు. ముందు చక్రం ఊడదీసి, ఒక్క జాకీ మీద ఎత్తి నిలబెట్టిన కారు మీద ఉంది. జాకీ రవ్వంత పక్కకు ఒరిగి ఉంది.

"బాబూ, ముందు బయటికి రా. ఆ ఊడదీసిన చక్రం కారు అంచు కింద పెట్టు. జాకీని నమ్ముకుని లోపలికి దూరకూడదు. జారిందంటే మనిషి దక్కడు."

"ఒక్క బోల్టే కదా పెద్దాయనా! దానికి చక్రం ఎందుకు?"

పెద్దాయన ముఖం పాలిపోయింది.

సంచి కింద పెట్టి, చక్రాన్ని తనే దొర్లించుకొచ్చాడు. కారు అంచు కింద పడుకోబెట్టాడు. ఎత్తు చాలలేదు.

"అమ్మా, దీని మీద పెట్టడానికి మందపాటి పీటేమైనా ఉందా?"

ఆవిడ తెచ్చి ఇచ్చింది. మొగుడి ముఖం వైపు చూడలేదు. ఆ ఇంట్లో చక్రం తిప్పేది ఎప్పుడూ ఆవిడే.

"బాగుంది! చక్రానికి పీట కూడా వేశారు. ఇక మంచినీళ్లు ఇవ్వండి" అన్నాడు మాస్టారు.

"బోల్టు మొండికేస్తే ముందు కాస్త బిగించు నాయనా, ఆ తర్వాత విప్పు. పట్టు వదులుతుంది. మళ్లీ పెట్టేటప్పుడు మాత్రం దాని మీద కసి తీర్చుకోకు, మరలు అరిగిపోతాయి."

"విప్పడానికి బిగించాలా? తీసివేత చేయాలంటే ముందు కూడమన్నట్టుంది!" మాస్టారికి విసుగొచ్చింది. "పని కోసం తిరుగుతుంటే ఇంకో ఇల్లు చూసుకోండి. ఇక్కడ మీతో అవసరం లేదు."

"ఏవండీ!" అంది భార్య.

పెద్దాయన పీటను అటూ ఇటూ కదిపి చూశాడు. కుదురుగా ఉందనిపించాకే సంచి అందుకున్నాడు. గేటు దగ్గర ఆగి, మరోసారి పీట వైపే చూసి వెళ్లిపోయాడు.

లెక్కల మాస్టారు ఆయన్ని లెక్కచేయలేదు. మళ్లీ కారు కిందికి దూరాడు. లాగాడు, గుంజాడు, తిట్టాడు. బోల్టు ఉలకలేదు.

చివరికి, భార్య చూడటం లేదని రూఢి చేసుకుని, పెద్దాయన చెప్పినట్టు వెంట్రుకవాసి బిగించాడు.

టక్కుమంది.

ఇంక ఆగలేక రెండు చేతులతో పానా పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

బోల్టు వచ్చింది. జాకీ పోయింది.

కారు వచ్చి పీట మీద కూర్చుంది.

ముక్కుకు బెత్తెడు దూరంలో ఇంజను. చెంప మీద నల్లటి నూనె ధార. మాస్టారి నోట ఈసారి 'పానా' రాలేదు. నిజంగానే "నాన్నా" అని వచ్చింది.

భార్య కాళ్లు పట్టి బయటికి లాగింది. ఇద్దరూ ఆ నూనె మరకలతోనే వీధి చివరికి పరుగెత్తారు. బస్సు ఆగే చోట పంక్చరు షాపతను ఒక్కడే ఉన్నాడు.

"సంచితో ఒక పెద్దాయన ఇటు వచ్చారా?"

"మా గురువుగారా? ఇప్పుడే బస్సెక్కించాను. ఎక్కాల్సిన బస్సు తప్పిపోతే తర్వాతది ఎక్కారు. ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయారు సార్. ఇక ఇటు రారు."

"గురువుగారంటే... మెకానిక్కా?"

"ఏంటి సార్, అలా అడుగుతారు! ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేవారు. కొడుకు పోయాక గ్యారేజీ మూసేశారు. నాలుగేళ్లుగా జాకీ మీద కారు కనిపిస్తే చాలు, వెళ్లి కింద చక్రం పెట్టి వస్తారు. అందరూ పిచ్చాయన అనుకుంటారు."

మాస్టారి పిడికిట్లో బోల్టు ఇంకా వెచ్చగానే ఉంది.

"నేను పానా అంటే ఆయనకు నాన్నా అని వినిపించింది. దానికే అంత పరుగున వచ్చారు."

"నేను నవ్వాను కూడా" అంది భార్య మెల్లగా.

పంక్చరు షాపతను చేతిలోని ట్యూబు పక్కన పెట్టాడు.

"వాళ్లబ్బాయి ఆఖరిసారి పిలిచిందీ కారు కింద నుంచే సార్. అంతకు ముందు వాడు 'ఆగు నాన్నా, చక్రం పెట్టి దూరతాను' అంటే, 'ఒక్క బోల్టే కదరా, దానికి చక్రం ఎందుకు' అన్నది మా గురువుగారే."