మూడో తీగలో జీర

"నీ ఫోను ఇలా నా ఫోను పక్కన పెట్టు బావా, బ్లూటూత్‌లో పంపిస్తాను. ఊరంతా ఇదే పాట, నీ దగ్గర లేకపోతే ఎట్లా?" అన్నాడు దర్జీ అల్హసన్.

గుమూర్ ఫోను తీయలేదు. పదిహేనేళ్ళుగా అగాదెజ్‌లో ఏ పెళ్ళికైనా గిటారు వాయించేది అతనే. అర్లిత్‌లో పది రోజులు వాయించి నిన్ననే తిరిగొచ్చాడు. వచ్చినప్పటి నుంచి ఎవరి ఫోనులో విన్నా అదే పాట. మాటలు లేవు, ఉత్త గిటారు. వాయించినవాడి పేరు ఎవరికీ తెలియదు.

"ఏముంది అందులో? చెయ్యింకా తిరగలేదు వాడికి."

"తిరక్కపోతేనేం, వింటూ మిషను తొక్కడం మరిచిపోయాను. నీ పాటకి ఎప్పుడూ మరవలేదు మరి."

మేనబావ కాబట్టి ఆ మాట చెల్లింది. గుమూర్‌కు మాత్రం మండింది. అయినా అల్హసన్ ఫోనులో మోగుతున్న పాటకు చెవి ఒగ్గాడు. మూడో తీగ మోగినప్పుడల్లా సన్నని జీర. అది తన పాత గిటారుది. కచేరీలకు కొత్తది పట్టుకెళ్ళి, దాన్ని ఇంట్లోనే గోడకు తగిలిస్తాడు.

అంటే తను ఊళ్ళో లేనప్పుడు ఎవడో తన ఇంట్లో కూర్చుని వాయించాడు. పొద్దున రొట్టెల పిండి పిసుకుతూ తన భార్య రైషా కూనిరాగం తీసింది. తనను చూసి ఆపేసింది. అది ఈ వరసే.

"నీకెవరు పంపారు?"

"లారీ ఇల్యాస్."

ఇల్యాస్ లారీ కింద నుంచి తల బయటపెట్టాడు. "నాకు గోరింటాకు ఫాతి ఇచ్చిందన్నా."

ఫాతి కాసేపు నసిగింది. "మీ రైషానే. ఎవరికీ ఇవ్వొద్దని ఒట్టు పెట్టించుకుంది. నేను ఒక్కడికే ఇచ్చాను. వాడు ఊరికి పంచితే నా తప్పా?"

గుమూర్ ఇంటికి వచ్చేసరికి రైషా టీ కాస్తోంది.

"ఆ పాట నీకెవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు. నా ఫోనులోనే రికార్డు చేశాను."

"ఇక్కడే? నా గిటారు మీద?"

"ఇక్కడే."

"ఎన్నాళ్ళుగా సాగుతోందిది?"

"రెండేళ్ళు. నువ్వు ఊరెళ్ళినప్పుడల్లా." నురగ తేలేలా టీ పోసి గ్లాసు అందించింది. "ముందు ఇది చెప్పు. పాట ఎలా ఉంది?"

అబద్ధమాడదామనుకున్నాడు. నోరు రాలేదు.

"బాగుంది. నా చేతికి రానిదేదో ఉంది అందులో. నా ఇంటికొచ్చినందుకు ఒక మంట, నాకంటే బాగా వాయించినందుకు ఇంకో మంట."

"ఎవరో చెబితే ఏం చేస్తావు?"

"వేళ్ళు విరిచేస్తాను."

రైషా తన రెండు చేతులూ అతని ముందుకు చాపింది.