తెల్లదుప్పటి కట్టిన గది

మూడో అంతస్తులో రష్యన్ పిల్లలుండే ఫ్లాటులో ఆ కెమెరావాడు తెల్లదుప్పటి కట్టాడట. ఒక్కొక్కరినే దాని ముందు నిలబెట్టి ఫోటోలు తీస్తున్నాడట.

ఊడ్చడానికి వెళ్ళిన అనసూయమ్మ కళ్ళారా చూసిందని శారదాదేవి మొగుడి చెవిన వేసింది.

"ఇన్నాళ్ళూ వాళ్ళు పిండిలో కూర కూరి ఉడకేసుకోవడం, జడలల్లుకోవడం తీశాడు. వాళ్ళ బతుకు మీద పుస్తకం వేస్తాడట! ఇప్పుడు దుప్పటి దాకా వచ్చింది యవ్వారం."

మొగుడు చలపతిరావు ఆ ఫిల్మ్‌నగర్ అపార్టుమెంటుకి ప్రెసిడెంటు.

రష్యన్ పిల్లలు నలుగురు. సినిమా పాటల్లో వెనక వరసన ఆడతారు. ఏజెంటు త్రినాథరావు వ్యానులో షూటింగుకి తీసుకెళ్తాడు, తెచ్చి దింపి బయట తాళం వేయిస్తాడు. ఆడపిల్లలంటే ఎంత జాగ్రత్తో అని అందరూ మెచ్చుకునేవారు. కంపెనీలకు చూపే ఆల్బం ఊరికే తీసిపెడతానన్నాడని ఆ కెమెరావాడు కమలాకర్‌ని మాత్రం లోపలికి రానిచ్చేవాడు.

చలపతిరావు ఏజెంటుకి ఫోన్ కొట్టాడు.

"తెల్లదుప్పటా?" అన్నాడు త్రినాథరావు. ఒక్కొక్కరినేనా అని మళ్ళీ అడిగాడు. "మంచిపని చేశారండీ. వాణ్ణి గేటు దాటించండి, వస్తున్నా."

నలుగురు మగాళ్ళు కలిసి కమలాకర్‌ని మెట్లమీంచి ఈడ్చుకొచ్చారు.

"ఫోటోలు తీయడానికి మీ రహమత్ నగర్లో నీకు పెళ్ళిళ్ళు కరువయ్యాయట్రా?" అన్నాడొకడు.

అతను కెమెరాని పొట్టకు కరుచుకున్నాడు.

సాయంత్రానికల్లా వ్యాను వచ్చింది. పిల్లలు పెట్టెలతో సహా మెట్లు దిగి వచ్చారు. వాళ్ళలో వేరా అనే పిల్ల గేటు చువ్వ పట్టుకుని ఆగిపోయింది.

"కమలాకర్ అన్న... ఎక్కడ?"

"తరిమేశాంలేమ్మా! ఇంక రాడు" అంది శారదాదేవి, చెయ్యి నిమిరి.

ఆ పిల్ల భోరుమంది. త్రినాథరావు ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి వ్యాను ఎక్కించాడు.

"పాపం, వాడంటే ఎంత హడలిపోయిందో!" అంది శారదాదేవి.

మూడోనాడు కమలాకర్ మళ్ళీ వచ్చాడు. చేతిలో కవరు.

"ఖాళీ చేసి పోయారయ్యా!" అన్నాడు చలపతిరావు.

"ఏడికి?"

"మాకేం తెలుసు?"

అతను గేటు పక్క గట్టు మీద కూలబడ్డాడు. చలపతిరావు కవరు లాక్కుని చూశాడు.

నాలుగు ముఖాలు. నవ్వు లేదు. వెనకంతా తెలుపు. అన్నీ ఒకే చిన్న సైజు.

"పాస్‌పోర్టు ఫోటోలా?"

"అవ్. పాస్‌పోర్టులు, ఫోన్లు అన్నీ త్రినాథరావు గుంజుకున్నడు. ఇంటికి పోయే కాగితాలు ఇస్తమని వాళ్ళ ఎంబసీవాళ్ళు ఒప్పుకున్నరు. దరఖాస్తులు రాయించిన. గీ ఫోటోలే తక్కువ ఉండె."

చలపతిరావు కవరు అటూ ఇటూ తిప్పాడు.

"మాతో ఒక్క మాట చెప్పొచ్చు కదయ్యా?"

"చెప్తే మీరు ఆయనకే ఫోన్ చేస్తరని చెప్పలే సారూ."