అతుకులమ్మ అభ్యంతరం

"ముందు నన్ను కొయ్యి, తర్వాత దీన్ని కోద్దువుగాని!"

అతుకులమ్మ రెండు చేతులా చెట్టును కావలించుకుంది. రంపం మనిషి మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ పురపాలక సంఘం బండి వైపు చూశాడు. బండి ఏమీ అనలేదు.

చిరిగిన బట్టలకు అతుకులు వేసి వేసి ఆవిడకు ఆ పేరే నిలిచిపోయింది. ఆ చెట్టు కిందే ఆవిడ కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన బడిపిల్లల చొక్కాలు. మొన్నటి గాలివానకు చెట్టు ఓ పక్కకు ఒరిగింది. పెద్ద కొమ్మ ఒకటి విరిగి రోడ్డుకు అడ్డంగా పడి ఉంది.

"అంతగా చేతులు దురద పెడుతుంటే ఆ పడిన కొమ్మను తీసుకుపోరాదూ?"

"అది మాది కాదమ్మా. మాది దెబ్బతిన్న చెట్ల బండి. పడిపోయినవాటికి వేరే బండి, వేరే దరఖాస్తు. మేం ముట్టుకుంటే వాళ్లూరుకోరు."

"బాగానే పంచుకున్నారు నాయనా, అన్నదమ్ములు ఇంటి మధ్య గోడ కట్టుకున్నట్టు!"

మేస్త్రీ సుత్తితో మాను మీద కొట్టాడు. డొల్లగా మోగింది.

"విన్నారా? లోపలంతా బోలు."

"మా ఆయన బుర్రా అలాగే మోగుతుంది. నలభై ఏళ్లుగా ఉంచుకోలేదూ?"

రంపం మనిషి నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు.

"ఈ నీడ పోతే నా బేరమే పోతుంది. కొట్టు అద్దెకు తీసుకునే తాహతా నాది? అసలు మీకు ఫిర్యాదు రాసిందెవడు? వాడి చేతులు పడిపోను!"

"నేనేనమ్మా," అంది వెనక నుంచి కూతురు. "ఎప్పుడు నీ నెత్తిన పడుతుందోనని భయమేసి రాయించాను."

అతుకులమ్మ చెట్టును వదలకుండానే తల తిప్పి చూసింది.

"చెట్టుకు లేని తొందర నీకెందుకే?"

ఎండ నడినెత్తికొచ్చింది. మేస్త్రీకి విసుగొచ్చింది.

"సరేనమ్మా. అభ్యంతరం కాగితం మీద వేలిముద్ర వెయ్యండి, మేం వెళ్లిపోతాం. పైవాళ్లు వచ్చి చూసేదాకా దీని జోలికి రాం."

"ఆ ముక్క పొద్దున్నే ఏడవచ్చుగా! ఏదీ, ఇలా తే."

"కాగితం, సిరా బండిలో ఉన్నాయి. మీరే రావాలి."

అతుకులమ్మ కళ్లు చిట్లించింది. "నేనిటు రాగానే అటు కోసేద్దామనా? ఆ రంపమాయన కూడా నా ముందు నడవాలి. నువ్వూ రావే, ఫిర్యాదులదానా!"

నలుగురూ బండి దగ్గరికి నడిచారు. ఆవిడ బొటనవేలు సిరాలో ముంచి, కాగితం మీద గట్టిగా అదిమింది.

వెనక ఫెళఫెళమంది.

తిరిగి చూసేసరికి చెట్టు నేల మీద ఉంది. మిషను దాని కింద ఉంది. ఆకులు ఇంకా కదులుతున్నాయి.

కూతురు తల్లి చెయ్యి పట్టుకుని వదల్లేదు. అతుకులమ్మ మేస్త్రీ వైపు తిరిగింది.

"నాయనా... నా మిషను. తొందరగా కోసి తియ్యండి, మీకు పుణ్యముంటుంది."

మేస్త్రీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. రంపాన్ని బండెక్కించమని సైగ చేశాడు.

"ఇది పడిపోయిన చెట్టమ్మా, ఇక మాది కాదు. ఆ వేలి సిరా మాత్రం కడుక్కోకండి, పడిపోయినవాటి దరఖాస్తుకూ వేలిముద్రే కావాలి."